ఎనిమిదో దేవదారు

టోక్యో, షితాయా
పన్నెండో నెల, చివరి వారం

అక్కయ్యకు,

ఈ ఉత్తరం అందేసరికి మీ ఊళ్ళో మంచు చూరుదాకా వచ్చి ఉంటుంది. కుంపటి దగ్గరికి జరిగి, ముల్లంగి ఊరగాయ పక్కన పెట్టుకుని తీరిగ్గా చదువు. తొందరపడి చదివితే నా గొప్ప నీకు ఎక్కదు.

మన కొండ నా పనిబల్ల మీదికి వచ్చింది! తోసెన్ గారని పేరున్న చిత్రకారుడు. మొన్న మీ తొచిమొరి వచ్చి, మంచులో కొండని గీసుకుని వెళ్ళాడట. ఆ బొమ్మని అచ్చు దుకాణం పెద్దాయన కొన్నాడు. చెక్క మీద చెక్కే పని నాకు ఒప్పజెప్పాడు. కాగితం విప్పగానే గుర్తుపట్టాను. కొండ మీదికి తీసుకెళ్ళింది ఎవరండీ అని తోసెన్ గారిని అడిగితే కుమజో అన్నాడు. అతను మా బావేనండీ అంటే నమ్మడే! "ఆయన దారి పొడుగునా నోరు విప్పలేదు, మీరేమో నోరు మూయరు" అన్నాడు. బావకి ఈ మాట చెప్పు. నవ్వితే ఎంత నవ్వాడో రాయి.

బొమ్మ బాగుంది. పైన నీలం ఆకాశం, నడుమ వాలు, కింద అంచున మన బొగ్గుబట్టీ కప్పు. మన ఇల్లు మాత్రం లేదు. బొమ్మ చుట్టూ గీసిన గీతకి కాస్త దిగువన పడిపోయింది. ఇంకో జానెడు కాగితం వేసుకుంటే ఆయన సొమ్మేం పోయేది?

ఇంకో తప్పు కూడా చేశాడు. బట్టీ పైన వరసగా ఉన్న దేవదార్లు ఏడే కదా. చిన్నప్పుడు పేర్లు పెట్టుకుని మరీ ఎక్కాం. ఆయన ఎనిమిది గీశాడు. ఎనిమిదోది మిగతావాటికి కాస్త ఎడంగా, కుడి భుజం దించుకుని నిలబడి ఉంది. అచ్చం బావ బొగ్గుబస్తా ఎత్తుకున్నట్టు! చూసి నవ్వుకున్నాను. గొడ్డలి పట్టుకుని వచ్చి ఆ దొంగచెట్టుని కొట్టేయమని బావకి చెప్పు.

మా పని సంగతి నీకు ఎన్నిసార్లు చెప్పినా మర్చిపోతావు. బొమ్మ కాగితాన్ని చెక్క మీద బోర్లా అంటించి, గీతలు మిగిల్చి, మిగతాది తవ్వేస్తాం. చెక్కడం అయ్యేసరికి కాగితం మిగలదు. చెక్క మీద అంతా తిరగబడి ఉంటుంది, ఎడమది కుడికి, కుడిది ఎడమకి. దానికి రంగు పూసి కాగితం వేసి రుద్దితే మళ్ళీ సరిగ్గా పడుతుంది. ఇరవై ఏళ్ళుగా లోకాన్ని వెనక వైపు నుంచే చూస్తున్నాను, తిరగేసిన అక్షరాలే నాకు తొందరగా అర్థమవుతాయి. మంచుని మాత్రం ఎవరూ అచ్చు వెయ్యరు. చెక్క తీసేసిన చోట తెల్లకాగితం అలాగే ఉండిపోతుంది, అదే మంచు. కాబట్టి ఈ బొమ్మలో సగానికి పైగా నా చేత్తో తీసేసిందే. అది తలుచుకుంటే గర్వంగా ఉంది.

తమ్ముడు
యసుగోరో


తొచిమొరి
కొత్త సంవత్సరం మొదటి వారం

తమ్ముడూ,

ఉత్తరం అందింది. నీ గొప్ప బాగానే ఎక్కింది.

నేను బాగున్నాను. ఇల్లు బాగుంది. కప్పు మీద మంచు రెండుసార్లు నేనే దించాను. నడుం పట్టేసింది, అంతే. తకె అవ్వ నువ్వెలా ఉన్నావని అడిగింది. పండక్కి బియ్యప్పిండి ముద్దలు చేశాను, తినేవాళ్ళు లేక గట్టిపడ్డాయి.

నీకు కొన్ని అడగాలి. వెటకారం ఆడకుండా జవాబు రాయి. ఆ ఎనిమిదో చెట్టు ఏడింటికీ ఎటువైపు ఉంది? చెక్కేశావా, ఇంకా కాగితం మీదే ఉందా? ఆ పెద్దమనిషి అది గీస్తున్నప్పుడు బావ ఎక్కడ నిలబడ్డాడో కనుక్కో. ఏ రోజున గీశాడో కూడా అడుగు.

చెట్టుని మాత్రం చెక్కలోంచి తీసెయ్యకు. ఎవరు చెప్పినా తీసెయ్యకు.

అక్క
షినో


టోక్యో, షితాయా
మొదటి నెల, రెండో వారం

అక్కయ్యా,

నీ ఉత్తరం చదివి నీకేమైందో అనుకున్నాను. నాలుగు వాక్యాల్లో నాలుగు ప్రశ్నలు! పోలీసు స్టేషన్‌లో పనికి కుదిరావా ఏమిటి?

సరే, అడిగినవన్నీ చెబుతాను. చెట్టు తూర్పు వైపు, ఏడోదాని పక్కన. చెక్కడం అయిపోయింది. దాన్ని తీసెయ్యమని ఎవరూ అనలేదు, పైగా దుకాణం పెద్దాయనకి బొమ్మ మొత్తంలో ఆ చెట్టే నచ్చింది. "దానిలో ఏదో ప్రాణం ఉందయ్యా" అన్నాడు.

తోసెన్ గారి దగ్గరికి వెళ్ళి అడిగాను. ఆయనకి కోపం వచ్చింది. "నేను చెట్లు లెక్కపెట్టను, గీస్తాను. అక్కడ ఎనిమిది కనిపిస్తే ఎనిమిది గీశాను" అన్నాడు. జరిగింది ఇది. ఇద్దరూ దేవదార్ల దాకా వెళ్ళి, తిరిగి బట్టీ దగ్గరికి దిగాక, ఈయన పొగతాగే గొట్టం పైనే మర్చిపోయానన్నాడట. బావ వెంటనే వెనక్కి ఎక్కాడు. ఈయన బట్టీ దగ్గర కూర్చుని, ఎదురుచూస్తూ చేతులు కొంకర్లు పోకుండా బొమ్మ గీసుకున్నాడు. అంతలో మంచు కమ్మింది. బావ ఇంకో దారిన ఇంటికి దిగిపోయాడేమో అనుకుని ఒక్కడే ఊళ్ళోకి వచ్చేసి, ఆ సాయంత్రమే బండెక్కాడు. గొట్టం దొరికితే పంపమని చెప్పమన్నాడు. తన పేరు చెక్కించుకున్న వెండి గొట్టమట, అదే బెంగ ఆయనకి. ఏ రోజో గుర్తులేదన్నాడు. ఊళ్ళో మిగతా మగాళ్ళెవరూ ఆ రోజు కొండెక్కం అన్నారట, బావ ఒక్కడే సరేనన్నాడట.

మొదటి అచ్చు తీశాం. అచ్చు వేసేది హ్యోసుకే, నా పాత స్నేహితుడు, తెలుసుగా. కాగితం ఎత్తగానే "ఏరా, మంచు మురికి చేశావు" అన్నాడు. చూస్తే ఎనిమిదో చెట్టు మొదలు నుంచి బట్టీ దాకా చిన్న చిన్న మచ్చలు. తవ్విన చోటు లోతు చాలకపోతే కాగితం కుంగి అడుగున ఉన్న రంగు అంటుకుంటుంది, పని నేర్చుకునేవాడు చేసే తప్పు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ పూటంతా కూర్చుని ఆ దారి పొడుగునా ఉలితో లోతుగా గీకేశాను. ఇప్పుడు మంచు అద్దంలా ఉంది.

నీ ఉత్తరంలో బావ మాట ఒక్కటీ లేదు. ఇద్దరూ దెబ్బలాడుకున్నారా? తప్పు నీదే అయ్యుంటుంది.

యసుగోరో


తొచిమొరి
మొదటి నెల, మూడో వారం

తమ్ముడూ,

మంచు నేనే దించానని రాశాను. మీ బావ ఇంట్లో ఉంటే నన్ను నిచ్చెన ఎక్కనిస్తాడా? అదైనా నీకు తట్టలేదు. పట్నం వెళ్ళి మా ఇంటి తీరే మర్చిపోయావు.

ఆ రోజు పన్నెండో నెల పన్నెండు. నీకు ఇంకా చెప్పాలా? కొండతల్లి తన చెట్లు లెక్కపెట్టుకునే రోజు. ఆ రోజు కొండ మీద నిలబడ్డ దేన్నైనా ఆవిడ చెట్టుగానే లెక్కేస్తుంది. ఒకసారి లెక్కలో పడ్డాక దిగి రావడం ఉండదు. నేను వద్దని గుమ్మానికి అడ్డం నిలబడ్డాను. ఆయన గడ్డిబూట్లు కట్టుకుంటూ నవ్వాడు. "ఈ సాయంత్రం ఊరెళ్ళిపోయే మనిషి, ఇంత దూరం వచ్చి అడిగితే కాదంటే బాగుంటుందా? పుట్టిన దగ్గర్నించి ఆ కొండ మీదే బతికాను. నన్ను చూసి చెట్టనుకునేంత చూపు మందగించిందా ఆవిడకి?" అన్నాడు. నాకూ నవ్వొచ్చింది. నవ్వాను కూడా.

ఆయన రాలేదు.

మర్నాడు మగాళ్ళంతా వెళ్ళి వెతికారు. ఆయన అడుగులు ఏడో దేవదారు పక్కదాకా వెళ్ళాయట, తిరిగి రాలేదట. అక్కడ ఏముంది అని అడిగితే ఎవరూ నా మొహం చూడలేదు. ఆఖరికి ఒకడు, "చెట్టుంది వదినా" అన్నాడు.

నేను వెళ్ళి చూద్దామన్నా దారి లేదు. ఆడదాన్ని. కొండతల్లి కూడా ఆడదే, ఇంకో ఆడది తన గడప తొక్కితే ఓర్చుకోదు. వెళ్తే ఆయన ప్రాణానికే ముప్పు అని తకె అవ్వ నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. రెండో నెల పన్నెండున ఆవిడ కొండ దిగి పొలాల్లోకి వస్తుంది. ఆ లోపల ఆయన వస్తే వచ్చినట్టు. తర్వాత ఆ చెట్టు చెట్టే అంటుంది అవ్వ.

అదే రోజున ఊరి పెద్దలు ఆయనకి కర్మ చేసేస్తామంటున్నారు. శవం లేదు కాబట్టి ఆయన కిమొనో పెట్టెలో పెట్టి పూడుస్తారట. బతికున్నవాడికి ఎడమ అంచు పైకి, పోయినవాడికి కుడి అంచు పైకి అని పసిపిల్లలకి కూడా తెలుసు. ఇంటికి వచ్చినవాళ్ళలో ఒక పెద్దాయన, "అమ్మా, కుడి అంచు పైకి వేసి మడిచి ఇవ్వు" అన్నాడు. ఆయన బట్టని ఈ చేతుల్తో అలా మడవనన్నాను. వాళ్ళ టీ గిన్నెలు నేనే తీసేశాను, ఇక లెమ్మన్నట్టు.

ఇంకొకటి రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను. నీ ఉత్తరం రాకముందు ఒక ఉదయం తలుపు తీస్తే, కొండ మీంచి బట్టీ దాకా అడుగులు కనిపించాయి. గడ్డిబూట్ల అడుగులే, కుడివైపు లోతుగా దిగి. ఊళ్ళో ఎవరూ పైకి వెళ్ళలేదు. నా గుండె ఆగిపోయింది. సంతోషంతోనే. బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టాను. మధ్యాహ్నం మళ్ళీ చూస్తే అవి లేవు. మంచు కురవలేదు, గాలి లేదు. ఎవరో గీకేసినట్టు ఆ దారంతా నున్నగా ఉంది.

అది నువ్వు ఉలి పట్టిన రోజేనా?

షినో


టోక్యో, షితాయా
మొదటి నెల చివర

అక్కా,

అవును. అదే రోజు.

ఇంత జరిగితే నాకు ఒక్క ముక్క రాయలేదు నువ్వు. కోప్పడాలని కలం తీశాను, ఏ మొహంతో కోప్పడను? బావ దిగి వస్తున్న దారిని నేనే గీకి పారేశాను. మంచి పనివాణ్ణనిపించుకోవాలని. చదివిన దగ్గర్నించి నా చేతుల్ని నేనే చూసుకోలేకపోతున్నాను.

ఇది ఎలా జరుగుతుందో నాకు తెలియదు. నేను పట్నంవాణ్ణయిపోయానని వెక్కిరిస్తావు, కానీ నీ ఉత్తరం చదివాక ఒక్క క్షణం కూడా అబద్ధమనిపించలేదు. పరుగెత్తుకుంటూ హ్యోసుకే దగ్గరికి వెళ్ళాను. "ఇంకో అచ్చు తియ్యి" అన్నాను. తీశాడు. మంచు తెల్లగానే ఉంది, చెట్టు మొదట్లో ఒక్క మచ్చ తప్ప. "మళ్ళీ తియ్యి" అన్నాను. రెండు మచ్చలు. హ్యోసుకే చెక్కని తిప్పి, ఆ చోట వేలు పెట్టి తడిమాడు. అక్కడ చెక్క లేదు, అక్కా. అర అంగుళం లోతున తవ్వేశాను. కాగితం అడుగుకి తగిలే దారే లేదు. "ఏమిట్రా ఇది?" అన్నాడు. నీ ఉత్తరం వాడి చేతిలో పెట్టాను. చదివి, చేతులు కడుక్కుని వచ్చి ఇంకో కాగితం తడిపాడు.

ఇప్పుడు సంగతి తెలిసింది. మొదటిసారి దారంతా ఒక్క అచ్చులోనే పడింది, నేను గీకాక ఒక్కో అచ్చుకి ఒక్కో అడుగే. రోజూ దుకాణం పని అయ్యాక ఇద్దరం కూర్చుని తీస్తున్నాం. నిన్న దుకాణం పెద్దాయన చూశాడు. "ఈ చెత్త ఎవడు కొంటాడు? మంచు శుభ్రం చేసి ఇవ్వకపోతే చెక్క ఇంకొకడికి ఇస్తాను" అని అరిచాడు. ఇంకొకడు వస్తే ముందు చేసేది గీకడమే. గీకమని ఆయన నా చేతికి ఉలి ఇచ్చాడు కూడా. జ్వరం వచ్చిందని అబద్ధమాడి, చెక్కని గుడ్డలో చుట్టుకుని ఇంటికి తెచ్చేశాను.

అడుగులు ఎక్కడిదాకా వచ్చాయో రాయి. కర్మ చెయ్యనివ్వకు.

యసుగోరో


తొచిమొరి
రెండో నెల మొదట్లో

తమ్ముడూ,

వచ్చాయి. బట్టీ దాటాయి, వాగు దాటాయి, మన పెరటి కంచె దాకా వచ్చాయి. అక్కడ ఆగిపోయాయి. నాలుగు రోజులుగా అక్కడే. ముందుకి లేవు, వెనక్కి లేవు, ఒకే చోట తొక్కి తొక్కి మంచు నల్లబడింది.

కంచె గడ ఒకటి పీకేశాను. లాభం లేదు. వేడి గంజి తీసుకెళ్ళి అక్కడ పెట్టాను. సాయంత్రానికి గడ్డకట్టింది, ఎవరూ ముట్టలేదు. నిన్న పొద్దున కంచెకి ఇవతల నిలబడి, "ఏం మనిషివయ్యా, ఇంటి ముందుకొచ్చి నిలబడతావేం, పరాయివాడిలా?" అన్నాను. ఎదురుగా ఏమీ లేదు. తెల్లటి మంచు, అంతే. కానీ నేను మాట్లాడగానే అక్కడి మంచు కిర్రుమంది, మనిషి బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారినట్టు. వంగి చెయ్యి చాపాను. చలి తగిలింది, ఏదో అడ్డం తగిలింది. గాజుపలకలా కాదు, దారంలా, సన్నగా, గట్టిగా, నేల మీద అటూ ఇటూ పరుచుకుని.

నాకు భయం వేసింది. ఆయనంటే కాదు. ఆయన విసుగెత్తి వెనక్కి పోతాడేమోనని.

పన్నెండో తేదీ దగ్గరికొచ్చింది. పెద్దలు పెట్టె చేయించేశారు, మా వాకిట్లోనే పెట్టి వెళ్ళారు. నువ్వేదైనా చెయ్యి. నాకు ఇంకెవరున్నారు?

షినో


టోక్యో, షితాయా
రెండో నెల

అక్కా,

నువ్వు దారమన్నది నాకు అర్థమైంది. అది బొమ్మ చుట్టూ ఉన్న గీత. మన ఇల్లు దానికి దిగువన పడిందని నేనే రాశాను కదా. ఆయన బొమ్మ అంచుదాకా వచ్చి ఆగిపోయాడు. దాటడానికి దారి లేదు.

ఆ గీతని చెక్కింది నేనే. సన్నగా, ఎక్కడా తెగకుండా, దుకాణంలో అందరూ మెచ్చుకునేలా. ఈ పొద్దున దాన్ని కోసేశాను. అడుగులు ఆగినచోట మనిషి పట్టేంత కన్నం చేశాను. చుట్టుగీత తెగిన చెక్క కట్టెలతో సమానం. పెద్దాయనకి తెలిస్తే ఈ వీధిలో నాకు ఇక పని ఉండదు. ఉండకపోతే మానె. చేతిలో విద్య ఉంది, ఎక్కడైనా బతుకుతాను.

హ్యోసుకే చూస్తూ నిలబడ్డాడు. నేను కోయడం అయ్యాక, "చెక్క మీద తెరిచావు. కాగితం మీద కాదు" అన్నాడు. "అయితే ఏం?" అన్నాను. "ఏం లేదు, చెక్క మీద అన్నీ తిరగబడి ఉంటాయి కదా" అన్నాడు. ఎప్పుడూ ఇంతే వాడు, శుభమా అని ఒక పని చేస్తుంటే ఒక అపశకునం పలుకుతాడు.

వెంటనే రాయి. తంతి ఇచ్చినా సరే.

యసుగోరో


తొచిమొరి
రెండో నెల

తమ్ముడూ,

వచ్చాడు!

పదకొండో తేదీ సాయంత్రం, దీపం పెట్టే వేళ, తలుపు దానంతట అదే జరిగింది. గడ్డిగొంగడి నిండా మంచుతో నిలబడ్డాడు. "ఆకలేస్తోంది" అన్నాడు. అంతే. నేను ఏడుస్తుంటే బూట్లు విప్పుకుంటూ, "ఏడుపు తర్వాత, ముందు అన్నం" అన్నాడు. మూడు గిన్నెలు తిన్నాడు. చేతులు వెచ్చగా ఉన్నాయి. పట్టుకుని చూశాను కదా, వెచ్చగా ఉన్నాయి.

పెట్టెని పగలగొట్టి పొయ్యిలో పెట్టాను. మంచి కర్ర, బాగా మండింది.

నువ్వు చేసింది నేను చచ్చినా మర్చిపోను. ఆ పెద్దమనిషి గొట్టం తెచ్చాడు, జేబులోనే ఉంది. దీంతోపాటు పంపుతున్నాను, ఇచ్చెయ్యి.

అంతా బాగుంది. ఇక ఏమీ అడగకు.

అక్క


టోక్యో, షితాయా
రెండో నెల చివర

అక్కా,

నీ ఉత్తరం చదివి నేనూ హ్యోసుకే సాకే తాగి వీధిలో పాటలు పాడాం. మర్నాడు గొట్టం తీసుకుని తోసెన్ గారింటికి వెళ్ళాను. తల నొప్పిగా ఉన్నా మనసు తేలిగ్గా ఉంది.

ఆయన గొట్టం చేతిలోకి తీసుకుని వెనక్కి ఇచ్చేశాడు. "ఇది నాది కాదు" అన్నాడు. "మీ పేరు ఉంది కదండీ, స్పష్టంగా" అన్నాను. ఆయన నా వైపు అదోలా చూశాడు. "నీకు స్పష్టంగా ఉందేమో" అని అద్దం తెచ్చి, దాని ముందు పెట్టాడు. అద్దంలో పేరు సరిగ్గా ఉంది. గొట్టం మీద ఉన్నది తిరగేసి ఉంది, అక్కా. చెక్క మీద ఉన్నట్టు. రోజంతా అలాంటి అక్షరాలే చదివే కళ్ళు నావి. నాకు తేడా తెలియలేదు. ఈ లోకంలో ఇంకెవడి చేతికిచ్చినా పట్టేసేవాడు.

ఇంటికొచ్చి ఒక అచ్చు తీసి చూశాను. ఎనిమిదో దేవదారు ఇంకా అక్కడే ఉంది. భుజం దించుకుని, అలాగే.

అక్కా, నిజం చెప్పు. బావకి ఎడమ కనుబొమ్మ మీద గొడ్డలి తగిలిన మచ్చ ఉండాలి. ఇప్పుడు ఎటువైపు ఉంది? ఏ భుజం దిగి ఉంది? ఇంట్లోకి వచ్చింది ఎవరు?

నేను ఇంకోసారి మంచు గీకగలను. కంచె నుంచి చెట్టు దాకా అడుగులన్నీ తీసేస్తే, ఎలా వచ్చిందో అలాగే వెళ్ళిపోతుంది. ఒక్క పూట పని. ఉలి పదును పెట్టి ఉంచాను. నువ్వు ఊఁ అంటే చాలు. నువ్వు అనకుండా మాత్రం ముట్టను. మొదటిసారి నిన్ను అడక్కుండానే గీకేశాను.

భయంగా ఉంటే ముందు తకె అవ్వ ఇంటికి వెళ్ళిపో.

యసుగోరో


తొచిమొరి
మూడో నెల మొదట్లో

తమ్ముడూ,

నీ ఉత్తరాన్ని ఆయనే అందుకున్నాడు. కిటికీ వెలుతురుకి అడ్డంగా పట్టుకుని, కాగితం వెనక వైపు నుంచి చదివాడు. ఎక్కడా తడుముకోలేదు. నవ్వి, "మీ తమ్ముడు గట్టి పనివాడు" అని నా ఒళ్ళో పెట్టాడు. అలా నేనూ చదివాను.

మచ్చ కుడి కనుబొమ్మ మీద ఉంది. దిగింది ఎడమ భుజం. అన్నం తినే పుల్లలు ఎడమచేత్తో పట్టుకుంటున్నాడు. ఇవన్నీ మొదటి సాయంత్రమే చూశాను, అన్నం పెడుతూ. నీకు రాయలేదు. రాస్తే నువ్వు ఉలి తీస్తావని తెలుసు.

ఛాతీ మీద చెవి పెట్టి విన్నాను. కుడివైపు కొట్టుకుంటోంది. కొట్టుకుంటోంది కదా, తమ్ముడూ. ఎటువైపైతే ఏం?

కిమొనో ఒక్కటే నాకు కష్టంగా ఉండేది. కుడి అంచు పైకి వేసుకుని వచ్చాడు. పెట్టెలో పెట్టడానికి అలా మడవమంటే ఒప్పుకోని దాన్ని, ఎదురుగా చూస్తూ ఎలా ఊరుకుంటాను? రోజూ పొద్దున నేనే విప్పి, ఎడమ అంచు పైకి వేసి కట్టేదాన్ని. ఏమీ అనేవాడు కాదు. సాయంత్రానికి మళ్ళీ కుడిదే పైకి ఉండేది. తకె అవ్వ చూడ్డానికి వచ్చింది. గడపలోంచి ఆయన్ని, ఆ అంచునీ చూసింది. టీ తాగకుండానే వెళ్ళిపోయింది. అప్పట్నుంచి మా ఇంటివైపు ఎవరూ రావడం లేదు. వాకిట్లో మంచు మా ఇద్దరి అడుగులతోనే ఉంది.

ఆయన నన్ను ఏ కష్టమూ పెట్టలేదు. బొగ్గు కొడుతున్నాడు, కప్పు దులుపుతున్నాడు, నన్ను నిచ్చెన ఎక్కనివ్వడం లేదు. నా మాటకి నవ్వాల్సిన చోటే నవ్వుతున్నాడు. నేను ఒంటరిగా ఉన్న ఆ రెండు నెలలూ ఎలా గడిచాయో నీకు తెలియదు. మళ్ళీ అలా ఉండమంటే నా వల్ల కాదు.

నిన్న సాయంత్రం కుంపటి దగ్గర కూర్చున్నాం. నావైపు చాలాసేపు చూసి, "ఏమే షినో, ఆ కిమొనో తిరగేసి కట్టుకున్నావేం? ఎవరైనా చూస్తే నువ్వు పోయావనుకుంటారు" అన్నాడు. వెక్కిరింతగా కాదు, బెంగగా అన్నాడు. ఇన్నాళ్ళూ ఆయన కూడా నన్ను చూసి భయపడుతూ, పైకి చెప్పకుండా సర్దుకుపోతున్నాడని అప్పుడు తెలిసింది. దగ్గరికొచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, నా నడికట్టు విప్పాడు. కుడి అంచు పైకి వేసి, చిన్నపిల్లకి కట్టినట్టు జాగ్రత్తగా కట్టాడు. "ఇప్పుడు బాగుంది" అన్నాడు.

నేను కాదనలేదు. ఈ పొద్దున లేచి నేనే అలా కట్టుకున్నాను. ఈ ఉత్తరం కూడా ఎడమచేత్తో రాస్తున్నాను, వంకర లేదు చూడు.

మంచు గీకొద్దు. చుట్టుగీతలో నువ్వు చేసిన కన్నానికి ఒక చెక్కముక్క బిగించి పూడ్చెయ్యి, గట్టిగా, ఎప్పటికీ ఊడకుండా. నేను ఇటున్నానో అటున్నానో వెతక్కు. అచ్చులు అమ్ముకోమని పెద్దాయనకి ఇచ్చెయ్యి. మంచు శుభ్రంగానే పడుతుంది.

పూడ్చాక కావాలంటే నీ కోసం ఒక ప్రతి తీసుకో. చెట్లు మాత్రం లెక్కపెట్టకు.

అక్క
షినో